గడప దాకా పూలు

“మిలెనా, నలుగుర్లో నన్ను నవ్వులపాలు చెయ్యకు. నేను లోపలికి ఎలా రావాలో చెప్పు.”

“సాయంత్రం ఊరేగింపు అయ్యాక రా అన్నయ్యా. అప్పుడు ఎంతమందిని వెంటేసుకొచ్చినా నేనేమీ అనను.”

ఉబాల్దో సందులో ఉన్నాడు. మిలెనా గుమ్మంలో ఉంది. ఇద్దరి మధ్యా సందు పొడవున ఆరేడు అంగల మేర పూలు పరిచి ఉన్నాయి. నడుమ పూజపాత్ర, దాని చుట్టూ గోధుమ కంకులు, అటొకటి ఇటొకటి సరస్సు చేపలు, అంచుల వెంట గులాబీ రేకులు. పనిలో ఎక్కడా వంక పెట్టడానికి లేదు. వంకల్లా ఒక్కటే, ఆ పూలు ఆగాల్సిన చోట ఆగలేదు.

ఇటలీలోని ఈ కొండ ఊరు రొక్కసోర్బలో దివ్యసత్ప్రసాద పండుగనాడు ప్రతి ఇల్లూ తన ముందున్న వీధి ముక్కని పూలతో నింపుతుంది. ఒకరి పూలకీ పక్కవాళ్ళ పూలకీ మధ్య కాస్త చోటు, గోడల వెంట ఒక అడుగు వెడల్పు మాత్రం వదిలేస్తారు. పండుగైనా మనుషులు ఇళ్ళలోకి పోవాలి, రావాలి కదా. ఈ ఏడు మిలెనా ఆ అడుగు వదల్లేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచి, అక్కణ్ణుంచి మెట్టెక్కించి, గడపకి ఆనించి మరీ ఆపింది. ఇంటికి వెనక దారి ఉందా అంటే, వెనక ఉన్నది వంటింటి కిటికీ, కిటికీ కింద కొండచరియ, చరియ కింద సరస్సు. రెక్కలుంటే తప్ప ఆ దారిన ఎవరూ రాలేరు.

ఉబాల్దో పని సాయంత్రం దాకా ఆగేది కాదు. పన్నెండింటికి తురిన్ నగరం నుంచి కొనేవాళ్ళు ఇల్లు చూడ్డానికి వస్తున్నారు. నాలుగింటికల్లా వాళ్ళు కొండ దిగిపోయి ఇంకో ఊళ్ళో ఇంకో ఇల్లు చూడాలి. వాళ్ళకి ఇది నచ్చితే మంగళవారం అమ్మ సంతకం పెడుతుంది. బుధవారం నుంచి మిలెనాకి ఈ గుమ్మం పరాయిదైపోతుంది.

ఈ సంగతి ఆమెకి గురువారం అన్న ఫోన్ చేసినప్పుడు తెలిసింది. అప్పట్నుంచి ఆమె ఏడవలేదు, ఎవర్నీ బతిమాలలేదు. బుట్టలు చంకనేసుకుని కొండవాలుకి పోయి పసుపుపచ్చని పూలు కోసుకొచ్చింది, అంతే. మామూలుగా కోసేదానికి రెట్టింపు కోసింది.

“ఇంత దాకా ఎందుకు పరిచావే?” అన్నాడు ఉబాల్దో.

“పూలు ఎక్కువయ్యాయి. పారబొయ్యమంటావా?”

“దీన్ని నాటకం అంటారు.”

“నాన్న గీసిన బొమ్మ అది. నాటకం అనకు.”

ఎదురింటి పైకిటికీలో జెలిందా అప్పటికే మోచేతుల కింద దిండు పెట్టుకుని కూర్చుంది. ఎనభై దగ్గర పడుతున్న మనిషి, ఈ అన్నాచెల్లెళ్ళు పాకే రోజుల్నుంచీ ఎరిగినది. పండుగ రోజు వీధిలో జరిగేదంతా తన సొంత సరుకు అన్నట్టు చూస్తుంది.

“ఒరే ఉబాల్దో, నీ బూట్లు తళతళలాడుతున్నాయిరా. కొత్తవా?” అంది.

“ఊరుకో జెలిందత్తా. అసలే తల తిరుగుతోంది.”

“నేనేమన్నాను? బూట్లు బాగున్నాయన్నాను. వాటితో పూల మీద నడవమన్నానా?”

ఉబాల్దో కిందికి చూశాడు. గులాబీ అంచుకి బెత్తెడు దూరంలో అతని కుడి బూటు ఉంది. వితెర్బో పట్నంలో టైల్స్ దుకాణంలో మేనేజరు, ఈస్టరుకి తప్ప గుడి మెట్లెక్కడు. ఇవి ఉత్త పూలే కదా అని అతను నోటితో ఎన్నిసార్లయినా అనగలడు. కాలితో మాత్రం అనలేడు. సాయంత్రం ఊరేగింపులో సత్ప్రసాదం, అంటే ప్రభువు శరీరంగా కొలిచే అప్పం, పట్టుకుని గురువు నడిచేదాకా ఆ పూల మీద కుక్కని కూడా పోనివ్వరు ఈ ఊళ్ళో. వాళ్ళ తాతల నాడు ఒక బండివాడు తాగి తొక్కితే, ఆ ఇంటివాళ్ళని ఇప్పటికీ తొక్కుడోళ్ళనే అంటారు. వాళ్ళ మనవరాలు డాక్టరైంది. అయినా మందు రాయించుకోవాలంటే తొక్కుడోళ్ళమ్మాయి దగ్గరికి పోతున్నామనే చెబుతారు.

ఉబాల్దో బూటు వెనక్కి తీసుకున్నాడు.

చెల్లెలు అది చూసింది. ఆమెకి కావాల్సింది అదే. ఈ ఊళ్ళో పుట్టినవాడు ఎవడైనా ఇక్కడే ఆగిపోతాడని ఆమెకి తెలుసు. ఇంటికి ఇంతకంటే మంచి తాళం దొరకదు.

“సరే, ఇక్కణ్ణుంచే మాట్లాడదాం,” అన్నాడు ఉబాల్దో గొంతు తగ్గించి. “పోయిన చలికాలం పైకప్పు నుంచి అమ్మ మంచం మీదే నీళ్ళు పడ్డాయా లేదా?”

“బాగు చేయించాను.”

“ఒక మూల బాగు చేయించావు. కింద బజారు నుంచి ఇక్కడికి అరవై నాలుగు మెట్లు. అమ్మ ఆ మెట్లు దిగి ఎన్నాళ్ళైంది?”

“ఆవిడకి దిగాలని లేదు.”

“మోకాళ్ళు లేక దిగలేదే. మా ఇంటి పక్కనే కింది వాటా చూశాను, ఎండ పడుతుంది, లిఫ్టు అక్కర్లేదు. నేనేమన్నా అమ్మని వీధిలో పడేస్తున్నానా?”

“నన్ను పడేస్తున్నావు.”

ఆ మాట ఆమె అరిచి అనలేదు కాబట్టే అతనికి తగలాల్సిన చోట తగిలింది. ఉబాల్దో చెమట తుడుచుకున్నాడు.

“నిన్నెవరు పడేస్తారే? నీ చేతుల్లో పనుంది. పెరూజాలో గుళ్ళ గోడబొమ్మలు బాగుచేసే పని నేర్చుకున్నావు. నాన్న పోయినప్పుడు ఒక్క చలికాలం ఉండి పోతానన్నావు. ఎన్ని చలికాలాలైందో తెలుసా? పద్దెనిమిది.”

“నేను లెక్క పెట్టుకోలేదు.”

“అమ్మ పెట్టుకుంది. అసలు అమ్మ నాతో...”

“ఉబాల్దో.”

వంటింట్లోంచి ఒక్క పిలుపు వచ్చింది. గట్టిగా కూడా కాదు. ఉబాల్దో నోరు అలాగే ఉండిపోయి, తర్వాత మెల్లిగా మూతపడింది.

మిలెనా వంటింటి వైపు తల తిప్పింది. గురువారం నుంచీ తల్లి ఎల్విరా ఇంటి ఊసే ఎత్తలేదు. వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. ఇల్లు ఆమెది, ఆమె తల్లి వైపు నుంచి వచ్చింది, ఆమె సంతకం లేనిదే ఇటుక కదలదు. ఇవాళ తెల్లారకముందే చిన్న ముక్కాలి పీట మీద కూర్చుని, డెబ్బై తొమ్మిదేళ్ళ వేళ్ళతో గులాబీ అంచంతా తనే పేర్చింది. పూలు మెట్టెక్కుతుంటే చూసి, “గడప దాకా వేస్తున్నావు,” అంది. మిలెనా అవునంది. తల్లి ఇంకో గుప్పెడు రేకులు అందుకుంది, అంతకుమించి ఒక్క మాట లేదు. ఆ మౌనాన్ని మిలెనా తన వైపు మౌనంగానే లెక్కేసుకుంది. ఇప్పుడీ పిలుపు కూడా ఆ లెక్కకే సరిపోయింది.

“విన్నావుగా, అమ్మకి ఇష్టం లేదు,” అంది అన్నతో.

ఉబాల్దో ఆమె వంక విచిత్రంగా చూసి, తురిన్ వాళ్ళకి ఎదురెళ్ళడానికి వెనుదిరిగాడు.

తురిన్ నుంచి వచ్చిన బొనార్ది దంపతులు మంచివాళ్ళు కాకపోయుంటే మిలెనాకి పని తేలికయ్యేది. ఆయన పొడుగ్గా, కాస్త వంగి, టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. ఆవిడ అరవై దాటిన మనిషి. అరవై నాలుగు మెట్లూ ఎక్కి వచ్చిన ఆయాసంలో పూలు చూసి అలాగే నిలబడిపోయింది.

“దీని మీద నుంచే వెళ్ళాలా?” అన్నాడాయన ఉబాల్దోని.

“చిన్న ఇబ్బంది అండీ. ఇప్పుడే చూస్తా.”

ఆ ఇప్పుడే చూడటం గంటన్నర సాగింది. మొదట కిటికీకి నిచ్చెన వేద్దామన్నాడు. నిచ్చెన కాళ్ళు పెట్టడానికి పూలు లేని చోటు కావాలి, అది లేదు. తర్వాత కింది వీధి వడ్రంగి దగ్గర్నుంచి పొడుగాటి చెక్క ఒకటి భుజాన వేసుకొచ్చి, జెలిందా ఇంటి పక్క తలుపులోంచి దూరి, ఆవిడ ముందు గుమ్మంలో తేలాడు. సందు వెడల్పు మూడంగలే. ఆ మెట్టు మీద నుంచి ఈ గడప మీదికి చెక్క వేస్తే పూలకి తగలకుండా దాటొచ్చు. నిజం చెప్పాలంటే మంచి ఆలోచనే.

మిలెనా గడప మీద కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

“వెయ్యి,” అంది. “ఈ కొస నా గడప మీద ఆనగానే తోసేస్తాను. పడితే పూల మధ్యలో పడుతుంది. చెక్క వేసింది ఎవరో, పాడు చేసింది ఎవరో ఊరే తేల్చుకుంటుంది.”

“నువ్వు తొయ్యవు.”

“చూద్దాం.”

ఉబాల్దో చెక్క పట్టుకుని నిలబడ్డాడు. చెక్క కొస గాలిలో సన్నగా వణుకుతోంది. పక్కనే జెలిందా కిందికి దిగొచ్చి చేతులు నడుమున పెట్టుకుంది.

“నాయనా, నా గుమ్మంలోంచి ఇలాంటి పని చేస్తే రేపు దోన్ సెస్తో గురువుకి నేనేం చెప్పుకోను? ప్రభువు నడిచే దాని మీదుగా మీరు ముందే కాళ్ళూపుకుంటూ పోతే బాగుంటుందా?”

“అత్తా, నువ్వు మా చెల్లెలి పక్షమా?”

“నేను పూల పక్షం. మీ చెల్లెలికి కూడా ఇంతదాకా పరిచే హక్కు లేదు, ఆ ముక్క దానికి సాయంత్రం చెబుతా. ముందు నువ్వా చెక్క దించు.”

చెక్క దిగింది. బొనార్ది దంపతులకి జెలిందా తన గుమ్మంలోనే రెండు కుర్చీలు వేసింది, సోంపు వేసిన బిస్కెట్లు పెట్టింది, సొంత తోట వైన్ పోసింది. అమ్మకానికొచ్చిన ఇల్లు కళ్ళెదురుగా మూడంగల్లో ఉంది. పోవడానికి మాత్రం లేదు. ఆయన చేతి గడియారం చూసుకుంటున్నాడు. ఆవిడ పూలనే చూస్తోంది.

“అమ్మా, ఆ నల్లటి గీతలన్నీ ఏం పువ్వు?” అని ఆవిడ మిలెనాని అడిగింది.

జవాబివ్వకూడదనుకుంది మిలెనా. కానీ పని గురించి అడిగితే ఊరుకోవడం ఆమెకి చేతకాదు.

“పువ్వు కాదండీ, కాఫీ పిప్పి. ఏడాది పొడుగునా ఎండబెట్టి డబ్బాల్లో దాస్తాం.”

“ఆకుపచ్చ?”

“సోంపాకు. సన్నగా తరిగింది. ముందురోజు తరిగితే నల్లబడుతుంది, అందుకని పొద్దున్నే తరగాలి.”

“మీరొక్కరే వేశారా ఇదంతా?”

“మా అమ్మా నేనూ.”

ఆవిడ భర్త వైపు తిరిగింది. “ఇంకో ఊరు ఎందుకండీ? నాకు ఈ ఇల్లే కావాలనుంది. లోపల ఎలా ఉన్నా సరే.”

మిలెనా మొహం కందిపోయింది. తాళం వేశాననుకుంది, తీరా చూస్తే తోరణం కట్టినట్టైంది. ఉబాల్దో మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. ఆ నవ్వు చూడగానే ఆమెకి చెక్కతో వాణ్ణి ఒక్కటి వెయ్యాలనిపించింది.

“లోపల చూడకుండా ఎలా కొంటాం?” అన్నాడు బొనార్ది. “కప్పు కారుతుందని ఉబాల్దోనే చెప్పాడు. నేను చూడందే మాటివ్వను.”

ఆవిడ మళ్ళీ మిలెనా వైపు తిరిగింది. “ఇల్లు ఇచ్చేశాక మీరెక్కడ ఉంటారు?”

“ఇక్కడే.”

“ఇక్కడ అంటే, ఈ ఊళ్ళోనా?”

“ఈ ఇంట్లోనే అండీ. నేను ఎక్కడికీ పోవట్లేదు.”

బొనార్ది గారి భార్య బిస్కెట్టు పళ్ళెంలో పెట్టేసింది. ఉబాల్దో తల వంచుకుని వడ్రంగి చెక్కని గోడకి ఆనించడంలో చాలా పని ఉన్నట్టు నటించాడు.

రెండున్నరకి సరస్సు మీద గాలి లేచింది. ఈ గాలి రోజూ లేచేదే. కానీ పూలు పరిచిన రోజున దానంత పాపిష్టి గాలి ఇంకోటి ఉండదు. సందులోకి దూరి, మలుపు దగ్గర సుడి తిరిగి, పచ్చపూల అంచు పట్టుకుంది. మిలెనా లేచి, ద్రాక్షతోటకి మందు కొట్టే డబ్బా వీపున తగిలించుకుని, గడప మీద నుంచే నీళ్ళు చిమ్మడం మొదలుపెట్టింది. దగ్గర్లో ఉన్నవి తడిసి నేలకి అతుక్కున్నాయి. దూరపు కొసన ఉన్న చేప తోక వరకూ నీళ్ళు అందలేదు. తోక మీది తెల్ల రేకులు ఒక్కొక్కటే లేచిపోతున్నాయి.

ఆమె ఇంకాస్త వంగింది. అందలేదు. దిగితే పూల మీద దిగాలి.

అప్పుడు ఉబాల్దో చేసిన పని ఎవరూ చెయ్యమన్నది కాదు. జెలిందా గుమ్మంలో ఉన్న నీళ్ళ చెంబు అందుకుని, ఆవిడ పక్క తలుపులోంచి పరుగెత్తి, సందు తిరిగి పూల కొసకి వచ్చి, కొత్త పంట్లాంతోనే రాళ్ళ మీద మోకాళ్ళూనాడు. లేచిన రేకుల్ని ఏరి, తడి చేసి, ఒకదాని మీద ఒకటి చేప పొలుసుల్లాగా వెనక్కి పేర్చాడు. ఎక్కడ ఏది ఉండాలో అతని వేళ్ళకి గుర్తుంది. చిన్నప్పుడు ఆ తోక వెయ్యడం అతని వంతు.

“తోక చివర కొంచెం పైకి తిప్పు,” అంది మిలెనా.

“తెలుసు.”

“ఎడం వైపు.”

“తెలుసన్నాగా.”

ఆమె నీళ్ళు కొడుతూనే ఉంది. అన్న బట్టతల మీద ఎండ పడుతోంది. ఈ మనిషి మీద తనకి ప్రేమ లేకపోతే ఎంత హాయిగా ఉండేదో అనుకుంది. అతను చెడ్డవాడు కాదు. తనని వెళ్ళగొట్టాలని అతనికి లేదు. కానీ వితెర్బోలో ఎండ పడే వాటాలో మిలెనాకి గది లేదు, పెరూజా అంటే ఆమెకి ఇప్పుడు భయం. ఇరవై ఏడేళ్ళప్పుడు వదిలేసిన కుంచె నలభై అయిదేళ్ళప్పుడు చేతిలో వణికితే నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఇక్కడ ఆమెకి రెండు గదులు ఉన్నాయి, వేసవిలో సరస్సు చూడ్డానికొచ్చే జనానికి అద్దెకిస్తుంది. వంటింటి కిటికీ ఉంది, తల్లి ఉంది. ఇది ఊడిపోతే తను ఎవరో తనకే తెలీదు. అందుకే ఆమె ఈ గడప వదలదు, ఎవరేమనుకున్నా వదలదు.

గాలి తగ్గింది. ఉబాల్దో లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. పంట్లాం మీద రెండు తడి మచ్చలు పడ్డాయి.

మూడున్నరకి బొనార్ది కుర్చీలోంచి లేచాడు. “ఏమనుకోకండి, ఇక బయల్దేరాలి. అవతల వాళ్ళు ఎదురుచూస్తుంటారు.” భార్య కదల్లేదు. ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె చేతిసంచీ తీసుకుని లేచింది. దంపతులిద్దరూ పక్క తలుపులోంచి బయటపడి, వీడ్కోలు చెప్పడానికి పూల కొసన ఉబాల్దో పక్కకి వచ్చి నిలబడ్డారు.

“సరేనే,” అన్నాడు ఉబాల్దో చెల్లెలితో. కోపం కూడా మిగల్లేదు అతని గొంతులో. “నువ్వే గెలిచావు. సంతోషమా?”

మిలెనా సంతోషంగానే ఉంది. కాళ్ళు పీకుతున్నాయి, పొద్దున్నుంచి ఒక బ్రెడ్డు ముక్క తప్ప ఏమీ తినలేదు, అయినా సంతోషంగా ఉంది. ఈ తురిన్ వాళ్ళు పోతే ఇంకొకళ్ళు దొరకడానికి ఏడాది పడుతుంది. ఏడాదిలో కప్పంతా బాగు చేయించొచ్చు. వంటింట్లోకి తిరిగి, “అమ్మా, వాళ్ళు వెళ్ళిపోతున్నారు, సూపు వేడి చెయ్యి,” అని చెప్పబోయింది.

తల్లి అప్పటికే వెనక నిలబడి ఉంది. నల్లగౌను వేసుకుంది, గుడికి వేసుకునే నల్ల బూట్లు వేసుకుని లేసులు కూడా కట్టుకుంది. మోకాళ్ళ నొప్పులతో ఆ లేసులు కట్టుకోవడానికి ఎంతసేపు పట్టుంటుందో. చేతికర్ర కుడిచేతిలో ఉంది.

“జరుగు,” అంది ఎల్విరా.

“కుర్చీ వెయ్యనా? ఊరేగింపుకి ఇంకా టైముంది.”

“కూర్చోడానికి రాలేదు. జరుగు.”

“అమ్మా, పూలు ఉన్నాయి.”

“నేనేగా పేర్చింది. గుడ్డిదాన్నేం కాదు.”

మిలెనా గుమ్మానికి అడ్డంగానే ఉంది. ఎల్విరా కూతురి మొహంలోకి చూసింది. గురువారం నుంచి ఇలా చూడటం ఇదే మొదటిసారి.

“ఉబాల్దోని తిట్టకు,” అంది. “వాడి తప్పేం లేదు. ఇల్లు అమ్మిపెట్టమని వాణ్ణి అడిగింది నేను.”

“అబద్ధం.”

“ఈస్టరు నాడు అడిగాను. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. వాడు చెప్పబోయినప్పుడల్లా నోరు మూయిస్తున్నాను. పొద్దున కూడా అంతే.”

సందులో ఉబాల్దో తల ఎత్తలేదు. అది చాలు, మిలెనాకి ఇంకెవర్నీ అడగక్కర్లేకపోయింది. ఆమె చెయ్యి ద్వారబంధాన్ని పట్టుకుంది.

“ఎందుకమ్మా? నేనేం తక్కువ చేశాను నీకు?”

“ఏమీ తక్కువ చెయ్యలేదు. అదే నా బాధ. నేను ఇంకో పదేళ్ళు బతకొచ్చు, మా అమ్మ తొంభై రెండు దాకా బతికింది. అప్పటికి నీకు యాభై అయిదు. నన్ను పాతిపెట్టి వచ్చి ఈ కిటికీ దగ్గర కూర్చుంటావు. నేను కూర్చున్నట్టే.”

“నేను నీకోసం ఉన్నాను.”

“నేను అడగలేదు. మొదటి చలికాలం అడిగాను, ఒప్పుకుంటాను. మిగతా పదిహేడూ అడగలేదు. వద్దనే ధైర్యం లేక నోరు మూసుకున్నాను. నువ్వు పక్కనుంటే నాకు సుఖంగా ఉండేది, అందుకు. ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంది.”

“నాకు పోవాలని లేదు. చెప్తే అర్థం కాదా నీకు? నాకు లేదు.”

“నీకు భయం. లేదనడం వేరు, భయపడటం వేరు. నేను నిన్ను కన్నదాన్ని, నాకు తేడా తెలుసు.”

మిలెనా నోరు తెరిచేలోగానే ఎల్విరా కర్రతో కూతురి కాలిని మెల్లిగా పక్కకి నెట్టి, గడప మీద నిలబడింది. కుడికాలు ఎత్తింది. ఎత్తిన కాలు మోకాలి నొప్పికి ఒక్క క్షణం గాలిలో ఆగింది. తర్వాత మెట్టు మీది పచ్చపూల మీద దిగింది.

ఎదురింటి గుమ్మంలో జెలిందా నుదుటి నుంచి గుండె దాకా సిలువ గుర్తు వేసుకుంది. “ఎల్విరా, నీకేమైనా మతిపోయిందా?” అంది. ఎప్పుడూ ఉండే వెటకారం ఆ గొంతులో లేదు.

ఎల్విరా రెండో కాలు వేసింది. కర్ర కొస గోధుమ కంకుల్లో దిగబడి గుండ్రటి మచ్చ చేసింది. నాలుగో అడుగు పూజపాత్ర మీద పడాల్సింది, ఆవిడ ఆగి, పక్కకి జరిగి, దాని పక్క నుంచి వేసింది. తడి రేకులు బూట్లకి అంటుకుంటున్నాయి. పై ఇళ్ళ కిటికీలు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి.

“అమ్మా, వద్దు,” అన్నాడు ఉబాల్దో. ఇల్లు అమ్మాలని పొద్దున్నుంచి తల బద్దలుకొట్టుకున్న మనిషి ఇప్పుడు ఏడుస్తున్నాడు. “నేను అడగలేదమ్మా ఇది. వెనక్కి పో.”

“వెనక్కే పోతాను. ఒక్కదాన్నే ఎందుకు?”

ఆవిడ పూల కొసకి చేరి, బొనార్ది గారి భార్య ముందు చెయ్యి చాపింది.

“రామ్మా. నేను వేసిన అడుగుల్లోనే అడుగు వెయ్యి. తొక్కింది నేను, మీకేం అంటదు.”

తురిన్ ఆవిడ మొగుడి వైపు చూసింది, ఉబాల్దో వైపు చూసింది. పోవాలో వద్దో ఎవరూ చెప్పలేదు. ముసలావిడ చెయ్యి అలాగే చాపి ఉంది, వేళ్ళ చివర గులాబీ రంగు ఇంకా ఉంది. బొనార్ది గారి భార్య చెప్పులు విడిచి చేత పట్టుకుని, ఆ చెయ్యి అందుకుంది.

ఇద్దరూ పూల మధ్య నుంచి తిరిగి వచ్చారు. ఎల్విరా ఊపిరి కోసం రెండుసార్లు ఆగింది. వచ్చి మెట్టు కింద నిలబడింది. గడప మీద కూతురు ఉంది. రెండు చేతులూ చాపి ద్వారబంధాన్ని అటూ ఇటూ పట్టుకుని ఉంది.

“మిలెనా, నా ఇంట్లోకి నన్ను రానీ,” అంది తల్లి.

మిలెనా కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవాలంటే చెయ్యి తియ్యాలి. ఆమె తియ్యలేదు.